ఊరికి ఆర్ఓ ప్లాంటు చాలా, ఇంటింటికీ కొళాయి ఉండాల్సిందేనా?

చిత్రావతి_గట్టు
అనంతపురం జిల్లాలో చాలా ఊళ్ళ బోర్లలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1 మి.గ్రా. దాటకూడదు, వేరే నీళ్ళు దొరక్కపోతే 1.5 దాకా. పంచాయతీలో డబ్బు తక్కువున్నప్పుడు ముందు ఫ్లోరైడు తీసే ఆర్ఓ ప్లాంటే పెట్టాలంటాను. పైగా బిందె ఆడవాళ్ళ నడుం మీద ఉండేది, ప్లాంటు నీళ్ళ క్యాను మొగోళ్ళ బండెక్కింది. అది చిన్న మార్పు కాదు.

శనక్కాయ_చేను
నిజమే అన్నా, కానీ లెక్క చూడండి. ఇంటింటికీ కొళాయి ఇచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు అంటుంది. ఐదుగురున్న ఇంటికి 275. క్యానులో 20 పోతే మిగతా 255 లీటర్లు, 15 లీటర్ల బిందెతో పదిహేడు సార్లు. బట్టలకు, అంట్లకు, స్నానాలకు, నెలసరి గుడ్డలు ఉతకడానికి ఆ బిందెలు ఎవరు మోస్తున్నారు?

క్యాను నీళ్ళు తాగడానికే దాచుకుని వంట బోరు నీళ్ళతో చేస్తారు. మరిగిస్తే ఫ్లోరైడు పోదు, నీళ్ళు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆ గట్టి నీళ్ళలో కందిబ్యాళ్లు ఎంతకూ మెత్తబడవు, పలుకు పలుకుగానే ఉంటాయి. కట్టెలూ ఖర్చే, పొయ్యి ముందు ఆమె పొద్దూ ఖర్చే. ఏటి నీళ్ళు పైపుల్లో తేవడమే దారి. 1990ల మధ్యలో సత్యసాయి ట్రస్టు తాగునీటి పథకం అప్పటి ఉమ్మడి జిల్లాలో 700 పైచిలుకు ఊళ్ళకు నీళ్ళు చేర్చింది కదా.

పంపుహౌస్_మెట్లు
ప్లాంటులో యాంటీస్కేలెంటు (సున్నం పట్టకుండా వేసే మందు) డోసు ఆగితే నీళ్ళు వడకట్టే పొర, అదే మెంబ్రేన్, మీద సున్నం పేరుకుంటుంది, నీళ్ళు తగ్గిపోతాయి. నీళ్ళలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపే టీడీఎస్ మీటరు తక్కువ చూపించిందని ధీమా పడొద్దు, ఫ్లోరైడును అది విడిగా కొలవదు.

అయితే కొళాయి బిగించి వదిలేసినా అంతే. వీధి మొదట్లోవాళ్ళు కొళాయికి మోటారు తగిలిస్తే చివరి ఇంటికి సన్నధార కూడా రాదు. పైపులో ఒత్తిడి పడిపోయి, జాయింటు కారే చోట మురుగు లోపలికి లాగుతుంది. అందుకే క్లోరిన్ చూడాల్సింది చివరి ఇంట్లో: లీటరుకు కనీసం 0.2 మి.గ్రా. ట్యాంకులో లీటరుకు 2 మి.గ్రా. క్లోరిన్ చొప్పున వేయాలంటే 40 వేల లీటర్లకు 33 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగు పొడి సుమారు 240 గ్రాములు. బకెట్లో కలిపి, తేరిన నీళ్ళే పోసి, అరగంట ఆగి వదలాలి. మూతి తెరిచి పెట్టిన బస్తాలో పొడి బలం పోతుంది, అదే తూకం వేస్తే చాలదు.

చిత్రావతి_గట్టు
మోటార్లు తీయమంటే ఊళ్ళో ఎవరు వింటారు?

పంపుహౌస్_మెట్లు
వీధికో వాల్వు పెట్టి వంతులవారీగా వదలండి. నీళ్ళు బలంగా వస్తే మోటారు అవసరమే తగ్గుతుంది.

శనక్కాయ_చేను
వంతు వేళ కూడా చూడాలి. ఏడింటికి కూలి ఆటో ఎక్కే ఆమెకు తొమ్మిదింటికి వచ్చే కొళాయి దేనికి? ఆ బిందెల దగ్గర బడి మానేసి కూతురు నిలబడుతుంది. శనక్కాయ పీకే రోజుల్లో అయిదింటికే వదలాలి. ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకు కిట్టుతో నీళ్ళ పరీక్ష నేర్పాలని మిషన్‌లోనే ఉంది. ఏ వీధికి ఎప్పుడు వదలాలో కూడా వాళ్ళనే అడిగి రాయండి.