మేడ మీది తొండకు నీళ్లెక్కడివి?

మంగళం_రోడ్డు:
మాది తిరుపతి. మిట్టమధ్యాహ్నం వడియాలు చూద్దామని మేడ ఎక్కితే చెప్పుల్లేకుండా కాలు పెట్టలేం. పిట్టగోడ మీద తొండ మాత్రం తలాడిస్తూ దర్జాగా కూర్చుంటుంది. పిచ్చుకలకని పెట్టిన నీళ్ల చిప్ప వైపు ఒక్కసారీ రాలేదు. "మరి ఎడారిలో బల్లులు ఏం తాగుతాయమ్మా?" అని మావాడు ప్రాణం తీస్తున్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి.

కొండకింది_కుర్రోడు:
ఎడారి దాకా ఎందుకక్కా, మన తిరుమల బంగారు బల్లి లేదా? ఎండు బండల్లోనే కదా బతికేది!

మాజీ_జవాను_చిత్తూరు:
తప్పు తమ్ముడూ. బంగారు బల్లి రాత్రిపూట తిరిగేది. దానికి చెమ్మ ఉన్న బండ సందులు కావాలి.

అమ్మా, నేను రాజస్థాన్ ఎడారిలో జైసల్మేర్ వైపు డ్యూటీ చేశాను. అక్కడ సాండా అని మూరెడు పొడవు బల్లి ఉంటుంది, తోక నిండా ముళ్ల వరసలు. మా టెంటు పక్కనే ఒకదాని బొరియ. ఎండెక్కాక బయటికొచ్చి, ఒళ్లు కాచుకుని, ఆకులూ పూలూ మేసేది. ఎండ ముదిరిందంటే లోపలికి. చీకటి పడేలోపు లోపలినుంచే మట్టితో బొరియ మూతి మూసేసుకునేది. మేం రెండు రగ్గులు కప్పుకుని వణికిన చలికాలంలో దాని జాడే లేదు. ఎండను ఓర్చుకోవడం కన్నా తప్పించుకోవడమే దాని పని.

నీళ్ల సంగతి మీ ఇంట్లోనే చూపించొచ్చు. గోడ మూల బల్లి రెట్ట చూడండి. నల్లటి ముద్ద, చివర సుద్దలాంటి తెల్ల బొట్టు. ఆ తెలుపే దాని మూత్రం. మనం ఒంట్లోని వ్యర్థాన్ని యూరియాగా మార్చి, బోలెడు నీళ్లలో కరిగించి పోస్తాం. బల్లి దాన్ని యూరియాగా కాక యూరిక్ యాసిడ్‌గా మార్చి, నీళ్లు వెనక్కి పీల్చేసుకుని, ఇంచుమించు పొడిగా వదులుతుంది. చెమటా పట్టదు. మీ తొండకు పురుగుల్లో ఉండే తడే చాలావరకు సరిపోతుంది. పొద్దున మొక్కలకు నీళ్లు చల్లాక ఆకుల మీది చుక్కలు నాకుతుందేమో మీవాణ్ణి కాపలా పెట్టండి.

ఆస్ట్రేలియా ముళ్ల బల్లిదైతే ఇంకా తమాషా. నీటి గుంటలో నిలబడితే చాలు, పొలుసుల మధ్య సన్నటి గాడుల వెంట నీరు పాకి నోటికి చేరుతుంది.

మంగళం_రోడ్డు:
ఇప్పుడే చూపించానన్నా. ముందు "ఛీ" అన్నాడు, తర్వాత భూతద్దం తెచ్చుకున్నాడు. మోకాళ్ల నొప్పులకు సాండా నూనె అంటారే, అది దీన్నుంచేనా?

మాజీ_జవాను_చిత్తూరు:
దీన్నుంచేనమ్మా. చంపి, తోకలో కొవ్వు కరిగించి తీస్తారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. తిండి దొరకని నెలలకని అది దాచుకున్న కొవ్వు పాపం. మా యూనిట్‌లో ఒకాయన ఎక్కడో కొని రాసుకున్నాడు. వారం రోజులు టెంటంతా కంపు, నొప్పి ఎక్కడిదక్కడే.