పరుగెత్తే మనిషికి తీరని నీరసం: కంచంలో వెతకాలా, రక్తంలో వెతకాలా?

ఉదయపు పరుగు, అనంతపురం

నాకు 38 ఏళ్లు. బడిలో లెక్కలు చెబుతాను. మూడేళ్లుగా వారానికి ఐదు రోజులు తెల్లవారుజామున ఆర్ట్స్ కాలేజీ మైదానంలో ఆరు కిలోమీటర్లు పరుగెత్తుతున్నాను. ఆ పరుగు లేని రోజు నాకు రోజులాగే ఉండదు.

ఐదు నెలలుగా ఒంట్లో సత్తువ లేదు. ఏడు గంటలు నిద్రపోయినా లేవగానే ఒళ్లు బరువు. మా తరగతి గది రెండో అంతస్తులో ఉంది. పైకి చేరాక గోడ పట్టుకుని నిలబడి, ఆయాసం తగ్గిన తరవాతే లోపలికి వెళుతున్నాను. పిల్లలు చూస్తున్నారు. నల్లబల్ల మీద పైవరుస రాయడానికి చెయ్యెత్తితే భుజం లాగుతోంది.

దాచకుండా నా తిండి చెబుతాను. ఐదింటికి టీ, తరవాత పరుగు. ఎనిమిదింటికి ఒక గిన్నె ఉగ్గాని, మళ్లీ టీ. మధ్యాహ్నం రెండు జొన్నరొట్టెలు, కొంచెం పప్పు, తినగానే అందరితో పాటు మరో టీ. రాత్రి అన్నం మానేసి ఏడాదైంది. ఒక ఆపిల్, గ్లాసు మజ్జిగ, అంతే. 64 కిలోల నుంచి 58కి వచ్చాను. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు.

మా అత్తగారు రెండు పూటలా సంగటి తినమంటున్నారు. తోటి ఉపాధ్యాయురాలు ఐరన్ మాత్రలు కొనుక్కోమంటోంది. మా ఆయన పరుగే ఆపమంటున్నారు. నాకు మాత్రలంటే ఇష్టం లేదు. తిండి వల్ల వచ్చిన నీరసం తిండితోనే పోవాలి కదా? మీరేమంటారు?

తుంగభద్ర ఒడ్డు, కర్నూలు

మీ అత్తగారి మాటే నా మాట, అమ్మా. మా నాన్న కోడుమూరు దగ్గర మండుటెండలో నాగలి పట్టిన మనిషి. పొద్దున అంబలి, మధ్యాహ్నం సంగటి ముద్ద, ఊరుబిండి. డెబ్బై ఏళ్లు వచ్చేదాకా నీరసమన్న మాట ఆయన నోట వినలేదు. రాగుల్లో ఐరన్ ఉంది, బలం ఉంది. ఐక్యరాజ్యసమితి సైతం 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. మన గింజ విలువ మనకు ఇంకొకరు చెప్పాలా? ముందు కంచం మార్చండి. పరీక్షలు తరవాత చూసుకోవచ్చు.

ల్యాబులో పదకొండేళ్లు, కడప

పెద్దాయన మీద గౌరవం ఉంచుకునే ఈ మాట కాదంటున్నాను. రాగుల గొప్పతనం కాల్షియంలో ఉంది. వంద గ్రాముల్లో దాదాపు 350 మిల్లీగ్రాములు. ఐరన్ మాత్రం నాలుగైదు మిల్లీగ్రాములే. రాగుల్లోని ఫైటేట్లు, టానిన్లు ఆ కాస్త ఐరన్‌నూ ఒంటికి సరిగా పట్టనివ్వవు. ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలని భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించాయి. సంగటితో అక్కడికి చేరాలంటే ఎన్ని ముద్దలు తినాలో, లెక్కల టీచరు మీరే వేసి చూడండి.

ఇంకో మాట. చాలామంది హిమోగ్లోబిన్ ఒక్కటే చూపించుకుని, కాగితం మీద 12 దాటి ఉంటే నిశ్చింతగా వెళ్లిపోతారు. గాదె ఖాళీ అవుతున్నా వంటింటి డబ్బాలో బియ్యం ఉన్నన్నాళ్లు పొయ్యి మీద అన్నం ఉడుకుతూనే ఉంటుంది. హిమోగ్లోబిన్ ఆ డబ్బా, ఫెరిటిన్ ఆ గాదె. ఫెరిటిన్ 15 కంటే తగ్గిందంటే ఐరన్ నిల్వలు అడుగంటినట్టే. పరుగెత్తేవాళ్లకు చెమటలో కొంత ఐరన్ పోతుంది. పాదం నేలకు పదేపదే తగలడం వల్ల కొన్ని ఎర్ర రక్తకణాలు కూడా చితికిపోతాయి. అక్కా, రక్తకణాల పరీక్ష, ఫెరిటిన్, బి12, థైరాయిడ్, షుగరు చేయించుకుని డాక్టరుకు చూపించండి. మాత్రలు మీ అంతట మీరు కొనుక్కోవద్దు. ఐరన్ ఎక్కువైనా హానే. అది ఎక్కడ కారిపోతోందో తెలియకుండా పోస్తూ ఉంటే అసలు జబ్బు లోపలే ఉండిపోతుంది.

పెరుగన్నం, ప్రొద్దుటూరు

శాకాహారులు బి12 పరీక్షను వదలకండి. నేను ఎనిమిది నెలలు ఆకుకూరలే నమ్ముకుని తిమ్మిరెక్కిన పాదాలతో తిరిగాను. ఏ ఆకులోనూ బి12 ఉండదు. పాలు, పెరుగు, గుడ్డు, మాంసం, చేపల్లోనే దొరుకుతుంది. నాకు పాలూ పెరుగూ కూడా చాలలేదు, ఇంజెక్షన్లు పడ్డాయి.

కబడ్డీ కోర్టు, ఆదోని

పరీక్షలు వద్దనను. కానీ ఇద్దరూ ఐరన్ దగ్గరే ఆగిపోయారు. ఈవిడ అసలు తింటున్నది ఎంత? ఆ కంచం చదివి నాకు భయం వేసింది.

ముప్పావు గంట పరుగెత్తే 58 కిలోల మనిషికి, కిలోకు నాలుగు గ్రాముల చొప్పున చూసుకున్నా, రోజుకు 230 గ్రాముల పిండిపదార్థం కావాలి. మేడమ్ గారి ఉగ్గానిలో ఓ 40, రొట్టెల్లో 55, ఆపిల్‌లో 20, పప్పులో 15, మూడు టీల చక్కెర 30 అనుకుందాం. మొత్తం 160. మాంసకృత్తులు కిలోకు 1.2 గ్రాముల లెక్కన 70 కావాలి, అందులో సగం దాటడం కష్టం. ఏడాదిగా ఇదే వరస! ఒళ్లు ఎక్కడి నుంచి తెస్తుంది?

మా జట్టులో ఒక కుర్రవాడు బరువు తూకం కోసం రాత్రి అన్నం మానేశాడు. కూతకు వెళ్లినవాడు మధ్యలో మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఆగిపోయాడు. గీత మూడడుగుల దూరంలో ఉంది, కాలు కదలలేదు. రక్తపరీక్షలో లోపమేమీ లేదు. రాత్రి అన్నం, పప్పు, రెండు గుడ్లు, ఊరుబిండి పెట్టించాను. మూడు వారాలకు మళ్లీ మనిషయ్యాడు. కండలూ కాలేయమూ దాచుకునే గ్లైకోజనే పరుగుకు ఇంధనం. రాత్రి నింపకపోతే పొద్దున దేనితో పరుగెత్తుతారు? ఇది ఒక్క నీరసంతో పోయేది కాదు. శ్రమకు తగ్గట్టు తినని క్రీడాకారుల్లో ఎముకలు, హార్మోన్లు, నెలసరి కూడా దెబ్బతింటాయని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లోనే హెచ్చరించారు.

తుంగభద్ర ఒడ్డు, కర్నూలు

ఐరన్ లెక్క నేను పొరబడ్డాను, ఒప్పుకుంటున్నాను. సంగటిని మాత్రం వదలను. మా అమ్మ రాగులను మొలకెత్తించి, ఎండబెట్టి తిరగలిలో విసిరేది. అంబలిని రాత్రంతా పులియబెట్టేది. సంగటి పక్కన గోంగూరో చింతాకు పప్పో, నెలకు రెండుసార్లు పొట్టేలు మాంసమో ఉండేది. ఒట్టి ముద్ద తిని నాన్న నాగలి పట్టలేదు. అది నేను ముందే రాయవలసింది.

ల్యాబులో పదకొండేళ్లు, కడప

మొలకెత్తించినా పులియబెట్టినా ఫైటేట్లు తగ్గుతాయి. మీ అమ్మగారు చేసింది సరైన పని. రాగులకంటే సజ్జల్లో ఐరన్ ఎక్కువ, ఉలవల్లోనూ బాగానే ఉంటుంది. వాటి మీద నిమ్మకాయ పిండుకుంటే ఒంటికి పడుతుంది. కానీ అక్కా, అన్నిటికంటే ముందు భోజనం మీద ఆ టీ మానండి. భోజనానికి గంట ముందూ గంట తరవాతా టీ, కాఫీ వద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది.

ఉదయపు పరుగు, అనంతపురం

పన్నెండు రోజుల తరవాత రాస్తున్నాను. హిమోగ్లోబిన్ 11.4, ఫెరిటిన్ 8. మిగతావన్నీ బాగున్నాయి. ఇక్కడ ఎవరూ అడగనిది, నేనూ చెప్పనిది డాక్టరమ్మ అడిగారు: నెలసరి ఎలా ఉంది? ఏడాదిగా ఎక్కువగా పోతోంది. వయసు ప్రభావం అనుకుని ఊరుకున్నాను. స్కానింగు రాశారు. మూడు నెలలు మాత్రలు వాడి మళ్లీ ఫెరిటిన్ చూపించమన్నారు.

తిండితోనే పోవాలన్న నా పట్టు తప్పు. ఎనిమిదికి పడిపోయిన గాదెను గోంగూరతో నింపుకుంటూ కూర్చుంటే ఎన్నాళ్లు పడుతుందో డాక్టరమ్మ చెబుతుంటే తలదించుకున్నాను. అయితే మాత్రలు ఒక్కటే చాలన్నా నేను ఒప్పుకోను. ఆదోని అన్న లెక్కను నా నోటుపుస్తకంలో మళ్లీ వేసి చూశాను. నాకు 152 వచ్చింది. రాత్రి అన్నం మళ్లీ మొదలుపెట్టాను: అన్నం, చింతాకు పప్పు, ఒక గుడ్డు. పరుగుకు ముందు అరటిపండు. బడిలో టీ మూడున్నరకు మార్చుకున్నాను. డాక్టరమ్మను అడిగి పరుగు మూడు కిలోమీటర్లకు దించాను, ఆపలేదు.

ఒక్క సంగతి అడగడానికి సిగ్గుగా ఉంది. రాత్రి కంచం ముందు కూర్చోగానే మళ్లీ 64 అయిపోతానేమోనని భయం వేస్తోంది. ముద్ద కలిపి అలాగే చూస్తూ ఉండిపోతున్నాను.

కబడ్డీ కోర్టు, ఆదోని

సిగ్గెందుకమ్మా. మా ఆటగాళ్లలో సగం మందికి ఉన్న భయమే ఇది. తూకం యంత్రాన్ని మూడు నెలలు మంచం కిందకి తోసేయండి. మైదానం ఒక చుట్టుకు ఎన్ని నిమిషాలు పడుతోందో, రెండో అంతస్తు ఎక్కేటప్పుడు ఎన్నిసార్లు ఆగారో ఆ నోటుపుస్తకంలోనే రాసుకోండి. ఫెరిటిన్ కాగితం వచ్చిన రోజు ఆ అంకెలన్నీ ఇక్కడ పెట్టండి. ముద్ద చల్లారకముందే తినండి.