భయపడే మార్షల్ (ఊరి పోలీసు అధికారి) ఉన్న వెస్టర్న్ (కౌబాయ్) సినిమా ఏదైనా చెప్తారా?

'హై నూన్' (1952) లాంటిది ఇంకోటి చూద్దామని వెతుకుతున్నా, దొరకట్లేదు. మధ్యాహ్నం రైల్లో పగవాడు దిగుతున్నాడని తెలిసి మార్షల్‌గా గ్యారీ కూపర్ ఊరంతా తిరిగి సాయం అడుగుతాడు, కడదాకా అండగా నిలబడే మగాడు ఒక్కడూ ఉండడు, కథ కూడా దాదాపు సినిమా నడిచినంతసేపే జరుగుతుంది కాబట్టి గడియారం చూపించినప్పుడల్లా మనకే టెన్షన్. దానికి జవాబుగా హోవర్డ్ హాక్స్ తీసిన 'రియో బ్రావో' (1959) చూశాను, సరదాగా ఉంది గానీ జాన్ వేన్ మొహంలో బెరుకే కనపడదు. సెర్జియో లియోని తీసిన మూడు 'డాలర్' వెస్టర్న్‌లూ చూడటం అయ్యింది. సంగీతం అదుర్స్, కానీ ఆ హీరోలు డబ్బు కోసం తిరిగేవాళ్లు. 'అన్‌ఫర్‌గివెన్' (1992)లో అయితే షెరీఫే క్రూరుడు! కాల్పులు తక్కువగా ఉండి, భయపడుతూనే బ్యాడ్జ్ వదలని మార్షల్ లేదా షెరీఫ్ కథ కావాలంటే తర్వాత ఏది చూడాలి?