అప్‌డేట్: పాపకు గ్యాస్ మందు సంగతి ఏమైందంటే

మా నాలుగు నెలల పాప గ్యాస్‌తో మెలికలు తిరిగి ఏడుస్తోంది, పెద్దమ్మాయికి వాడగా మిగిలిన సిరప్ కాస్త పట్టొచ్చా అని మొన్న అడిగాను. వద్దు, ముందు లేబుల్ చదవండి అన్నారు మీరంతా. ఎంత మంచి మాట చెప్పారో!

సీసా తిప్పి చూస్తే అందులో డైసైక్లోమిన్, సిమెథికోన్ రెండూ ఉన్నాయి. డాక్టర్‌కి చూపించాను. డైసైక్లోమిన్ పేగు కండరాలను సడలించి నొప్పి తగ్గిస్తుంది కానీ, 6 నెలల లోపు పిల్లలకు అసలు ఇవ్వకూడదట. ఊపిరి అందకపోయే ప్రమాదం ఉంది. ఆ మాట వినగానే నాకు చేతులు వణికాయి. సిమెథికోన్ అలాంటిది కాదు, గ్యాస్ బుడగలను చిదిమేస్తుందే తప్ప రక్తంలో కలవదు. పాపకు అదొక్కటే ఉన్న చుక్కల మందు రాశారు.

చుక్కల మందూ సిరప్పూ ఒకటి కావని కూడా అప్పుడే తెలిసింది. మిల్లీలీటరులో ఉండే మందు పాళ్లు వేరు. అందుకే వంటింటి చెంచా మానేసి, సీసా బాగా కుదిపి, దాంతో వచ్చిన డ్రాపర్‌తోనే కొలుస్తున్నాను. పాలు పట్టాక భుజాన వేసుకుని తేన్పు రప్పిస్తున్నాం. నాకైతే మందు కన్నా దాంతోనే ఎక్కువ తేడా కనిపించింది.

పచ్చగా వాంతి అయినా, పొట్ట గట్టిపడినా, మలంలో రక్తం పడినా, జ్వరం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి తెచ్చేయమన్నారు. మిగిలిన పాత సిరప్ పారేశాను.