పిల్లలకోడిలో కోడి ఏది?

కృత్తికలు అనే చుక్కల గుంపును మా పల్లెల్లో పిల్లలకోడి అంటారు, దాని మీద గ్రూపులో నిన్నటి నుంచి నడుస్తున్న చర్చ చూసి ఆగలేక రాస్తున్నా, కాస్త పొడుగైతే ఓపిక పట్టండి. 'పిల్లలకోడి' అనేది వట్టి పల్లెటూరి మాట, పిల్లల పుస్తకాల్లో కృత్తిక అనే రాయాలి అని ఒక అన్న అన్నారు. దాని కింద ఒక అక్క, ఇంతకీ ఆ గుంపులో కోడి ఏది, పిల్లలు ఏవి అని అడిగారు. దానికి ఎవరూ సరిగ్గా జవాబు చెప్పలేదు. నాకు మాత్రం ఆ ప్రశ్నే ముఖ్యం అనిపించింది.

మాది మహారాష్ట్రలోని సిరోంచ తాలూకా, ప్రాణహిత ఒడ్డు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. పిల్లలు బడిలో కృత్తికా అని నేర్చుకుని వస్తారు, రాత్రి చేను కాపలాకు పోయే పెద్దవాళ్ళు మాత్రం పిల్లలకోడి, గొర్రుకొయ్యలు (మృగశిర దగ్గర వరసగా ఉండే మూడు చుక్కలు), మంచంకోళ్ళు (సప్తర్షుల్లో మంచం కాళ్ళలా ఉండే నాలుగు చుక్కలు) అనే అంటారు. కార్తీకంలో పిల్లలకోడి నడినెత్తికి వచ్చిందంటే సగం రాత్రి అయినట్టే, గడియారం చూడక్కర్లేదు. మంచాన్ని దొంగలు ఎత్తుకుపోయే కథ అయితే మా పక్కనున్న గోండుల ఇళ్ళలోనూ ఉంది. కాబట్టి పల్లె మాట అంటే సరే, వట్టి మాట అంటే ఒప్పుకోను.

ఆకాశంలో పక్కపక్కన కనిపించే చుక్కలన్నీ నిజంగా దగ్గరివి కావు, చాలా రాశుల్లో ఒకటి ఎక్కడో, ఇంకొకటి దానికి ఎన్నో రెట్ల దూరంలో ఉంటుంది, మన చూపుకే అవి ఒక వరసలో పడతాయి. పిల్లలకోడి అలా కాదు. మామూలు కంటికి ఆరు చుక్కలు, బైనాక్యులర్‌తో చూస్తే డజన్ల కొద్దీ, మొత్తం లెక్కేస్తే వెయ్యికి పైనే నక్షత్రాలు, అన్నీ మనకు సుమారు 440 కాంతి సంవత్సరాల దూరంలో కలిసి ప్రయాణిస్తున్నాయి, అన్నీ దాదాపు 10 కోట్ల ఏళ్ళ కింద ఒకే మేఘంలోంచి పుట్టాయి. అంటే నిజంగానే ఒక్కసారి పొదిగిన పిల్లలు. ఈ పేరు పెట్టినవాళ్ళ దగ్గర దుర్బిణి లేదు, అయినా ఇవి ఒక ఇంటి పిల్లలని పోల్చుకున్నారు.

ఆ పుట్టుక ఎలా జరుగుతుందంటే, నక్షత్రాల మధ్య ఖాళీలో హైడ్రోజన్ వాయువు, కాస్త ధూళి కలిసిన మేఘాలు ఉంటాయి. సున్నాకు 260 డిగ్రీలు కిందికి పోయే చలి. అంత చలిలో వాయువుకు ఉబ్బి నిలబడే బలం తక్కువ, అందుకే ఎక్కడ కాస్త చిక్కబడితే అక్కడ తన బరువుకు తానే లోపలికి కుంగుతుంది, కుంగుతూ ముక్కలవుతుంది, ఒక్కో ముక్క ఒక్కో నక్షత్రం. నలిగినకొద్దీ నడిమి భాగం వేడెక్కి, అక్కడ కోటి డిగ్రీల దాకా చేరాక హైడ్రోజన్ హీలియంగా మారడం మొదలవుతుంది. అయితే అన్ని పిల్లలూ ఒకే తీరున ఎదగవు. బరువైనవి కొన్ని లక్షల ఏళ్ళలోనే స్థిరపడతాయి, సూర్యుడంతవాటికి కోట్ల ఏళ్ళు కావాలి, మరీ చిన్న ఎర్ర నక్షత్రాలు ఆ గుంపులో ఇప్పటికీ పూర్తిగా కుదురుకోలేదు. సూర్యుడి బరువులో సుమారు 8 శాతం కూడా లేని ముక్కలు ఎప్పటికీ అంటుకోవు, పుట్టినప్పటి వేడితో మినుకుమంటూ చల్లారిపోతాయి. గోధుమ మరుగుజ్జులు అంటున్నారు వీటిని. మొట్టమొదట దొరికిన వాటిలో ఒకటైన టైడే 1 పిల్లలకోడిలోనే 1995లో దొరికింది. పెద్ద పిల్లల్లో ఒకటి అప్పుడే వయసైపోయి చనిపోయింది కూడా, దాని మిగిలిన బూడిదలాంటి తెల్ల మరుగుజ్జు ఆ గుంపులోనే ఉంది.

ఇక అక్క ప్రశ్న. అన్నిటికంటే ప్రకాశంగా ఉండే చుక్క, ఆల్సియోనీ అంటారు, అదే కోడి అయ్యుండాలి అని ఒకరిద్దరు రాశారు. చూడ్డానికి అలాగే ఉంటుంది, కానీ దాని వయసు కూడా మిగతావాటి వయసే. బరువు ఎక్కువ కాబట్టి వెలుగు ఎక్కువ, తల్లి కాదు, పెద్ద పిల్ల. తల్లి అనదగ్గది ఆ మేఘమే, అది ఇప్పుడు లేదు. మొదట అంటుకున్న వేడి నక్షత్రాల వెలుగు, వాటి నుంచి వీచే గాలి కలిసి మిగిలిన వాయువును చెదరగొట్టేశాయి. ఫోటోల్లో ఆ చుక్కల చుట్టూ నీలం పొగమంచులా కనిపిస్తుంది కదా, దాన్ని చూపించి ఇదే తల్లి మేఘం అని చాలాచోట్ల రాస్తారు. నిజానికి అది వేరే ధూళి మేఘం, గుంపు తన దారిన పోతూ దాన్ని దాటుతోంది, ఆ ధూళి మీద నక్షత్రాల వెలుగు పడి నీలంగా మెరుస్తోంది అంతే.

10 కోట్ల ఏళ్ళంటే మన ఊహకు అందదు గానీ మా ప్రాంతం వాళ్ళకు ఒక కొలబద్ద ఉంది. మా తాలూకాలోని కోట అనే ఊరి పేరుతోనే కోట శిలలు అని ఉన్నాయి, ఈ ప్రాణహిత-గోదావరి లోయలో ఆ రాళ్ళలోంచి 1960 ప్రాంతంలో తీసిన రాక్షసబల్లి ఎముకలు ఇప్పుడు కోల్‌కతాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబెట్టి ఉన్నాయి, పేరు బరాపాసారస్. అది జురాసిక్ కాలానిది, ఆ కాలం ముగిసి 14 కోట్ల ఏళ్ళు దాటింది. అంటే ఆ జంతువు మా నేల మీద తిరిగేనాటికి ఆకాశంలో పిల్లలకోడి లేనేలేదు! ఈ సంగతి బడి పిల్లలకు చెప్తే వాళ్ళ ముఖాలు చూడాలి.

గ్రహాల మాటా అడిగారు ఎవరో. నక్షత్రం కుంగేటప్పుడు దాని చుట్టూ తిరిగే వాయువు, ధూళి పళ్ళెంలా పరుచుకుంటాయి, ధూళి రేణువులు అంటుకుని రాళ్ళవుతాయి, రాళ్ళు కలిసి గ్రహాలవుతాయి. వాయువు కోటి ఏళ్ళ లోపే ఖాళీ అయిపోతుంది, గురుడిలాంటి పెద్ద గ్రహాలు ఆలోపే తయారు కావాలి. భూమిలాంటి రాతి గ్రహాలకు తొందర లేదు, ఒకదాన్నొకటి గుద్దుకుంటూ కోట్ల ఏళ్ళు పెరుగుతాయి. పిల్లలకోడిలో హెచ్‌డీ 23514 అనే నక్షత్రం చుట్టూ వేడి ధూళి విపరీతంగా ఉందని 2007లో ప్రకటించారు, గ్రహాలంత రాతి గోళాలు గుద్దుకుని పొడి అయినట్టు దాని అర్థం. మన చంద్రుడు కూడా అలాంటి గుద్దులోంచే వచ్చాడని ఎక్కువమంది శాస్త్రవేత్తల నమ్మకం.

కృత్తిక అనే మాట మీద నాకు కోపం ఏమీ లేదు. తైత్తిరీయ సంహితలో కృత్తికల పేర్లు ఉన్నాయి, అంబ, దుల, నితత్ని, అభ్రయంతి, మేఘయంతి, వర్షయంతి, చుపుణీక. ఎంత బాగున్నాయో చూడండి, అందులో మూడు మబ్బుకూ వానకూ సంబంధించినవే. కానీ పురాణ కథలో వాళ్ళు కుమారస్వామిని పెంచిన తల్లులు, మన మాటలో ఆ చుక్కలు పిల్లలు. చుక్కల పుట్టుక చెప్పేటప్పుడు నాకు రెండోదే పనికొస్తుంది. అందుకే అన్నా, పుస్తకంలో రెండూ ఉంచండి, పిల్లలకోడి ముందు, కృత్తిక పక్కన. కార్తీక పున్నమికి మాత్రం చూడమని రాయకండి, చంద్రుడు ఆ దగ్గరే ఉంటాడు కాబట్టి వెన్నెలకు ఏమీ కనపడదు, అమావాస్య రోజుల్లో చూడమనండి.

మహారాష్ట్రలోనే దెగ్లూరు, ధర్మాబాద్, బల్లార్షా వైపు తెలుగు ఇళ్ళలో దీన్ని పిల్లలకోడి అనే అంటారా, వేరే పేరుందా? తెలిసినవాళ్ళు ఊరి పేరుతో సహా కింద రాయండి. గొర్రుకొయ్యలకు కూడా.