ఓపెత్ కొత్త ఆల్బమ్: గర్జన తిరిగొచ్చింది సరే, పాత ఓపెత్ వచ్చిందా?

మూడోతీగ:
‘బ్లాక్‌వాటర్ పార్క్’ (2001) రోజుల నుంచి స్వీడన్ మెటల్ బ్యాండ్ ఓపెత్ అభిమానిని. 2011లో ‘హెరిటేజ్’ వచ్చాక వాళ్లను వినడం మానేశాను. గర్జన (గొంతు చీల్చుకుని పాడే తీరు) పోయింది, డెత్ మెటల్ మోత పోయింది, డెబ్బైల నాటి ప్రోగ్రెసివ్ రాక్ మిగిలింది. 2024 నవంబరులో వచ్చిన ‘ది లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్’లో గాయకుడు మికాయెల్ ఓకెర్‌ఫెల్ట్ మళ్లీ గర్జించాడని స్నేహితులు ఊదరగొడుతున్నారు. రెండు పాటలు విన్నాను. గర్జన ఉంది, పాత ఓపెత్ జాడ మాత్రం లేదు. పాటలకు పేర్లు కూడా లేవు, అంకెలే! అలిగి వెళ్లిన మాలాంటి వాళ్లను బుజ్జగించడానికి చేసిన పనా ఇది? మిగతాది వినమంటారా?

జోడుబాదుడు:
2022లో చేరిన వాల్తెరి వాయ్‌రినెన్ డ్రమ్ముల కోసమైనా వినండి. అంతకుముందు ప్యారడైజ్ లాస్ట్ అనే బ్యాండ్‌లో వాయించాడు. ఇక్కడ అతని చేతికి నిజంగా పని దొరికింది.

దస్తావేజు లేఖరి:
మూడోతీగ గారూ, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా కూర్చుని అమ్మకం పత్రాలు, వీలునామాలు రాయడం నా వృత్తి. కాబట్టి ఈ ఆల్బమ్ గురించి మాట్లాడే హక్కు నాకు కాస్త ఎక్కువే ఉంది.

ఆ అంకెలు ఊరికే వేసినవి కావు. మొదటి ఏడు పాటలూ ఒక వీలునామాలోని ఏడు పేరాలు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తర్వాతి కాలం. డబ్బూ ఛాందసమూ దండిగా ఉన్న ఒక పెద్దమనిషి పోయాడు. ఆయన భవనంలోనే వీలునామా చదువుతున్నారు. వింటున్నది కవల పిల్లలు, వాళ్లతో పాటు పోలియో సోకిన ఒక అమ్మాయి. అనాథ అని చేరదీసిన పిల్లకు ఇక్కడేం పని అని కవలల అనుమానం. పేరా తర్వాత పేరా ఇంటి గుట్టు బయటపడుతుంది.

నా చెవికి ఆ గర్జన చనిపోయిన తండ్రిది. నా బల్ల దగ్గర ఇలాంటి వాళ్లను చూస్తూనే ఉంటాను. సర్వే నంబర్లు, హద్దులు చెప్పేంతవరకు నెమ్మదిగా ఉంటారు. ‘నా తదనంతరం పెద్దవాడికి చిల్లిగవ్వ కూడా చెందరాదు, రాయండి’ అనే చోటికి వచ్చేసరికి గొంతు మారిపోతుంది. ఇంట్లో కొడుకు ముందు ఆ మాట అనలేరు. అది చదివే రోజుకు తాము ఉండరు కదా, ఆ ధైర్యం! జెత్రో టల్ బ్యాండ్ గాయకుడు ఇయాన్ ఆండర్సన్ మధ్యమధ్య మామూలు గొంతుతో మాటలు చదువుతాడు. ఆ ప్రశాంతత పక్కన గర్జన ఇంకా క్రూరంగా వినిపిస్తుంది.

బుజ్జగింపే అయితే చివరి పాటలోనూ గర్జించేవాడు. ‘ఎ స్టోరీ నెవర్ టోల్డ్’ ఒక్కదానికే పేరుంది. అప్పటికి వీలునామా చదవడం అయిపోయింది కాబట్టి తండ్రికి ఇక నోరు లేదు. పాట అంతా మామూలు గొంతే.

పాత ఓపెత్ కాదన్న మాట నిజమే. ‘బ్లాక్‌వాటర్ పార్క్’లో టైటిల్ పాటే పన్నెండు నిమిషాలు. ఇక్కడ ఏ పాటా ఎనిమిది దాటదు, రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరస) చెవికి అలవాటు పడేలోపే మారిపోతుంది. నాలుగో పేరా వినండి: గర్జన మధ్యలో ఆగి హార్ప్ తీగలు, దాని మీద ఆండర్సన్ వేణువు, మళ్లీ గిటార్లు విరుచుకుపడతాయి. ‘హెరిటేజ్’ తర్వాతి ఏళ్ల సాధన లేకపోతే ఆ మలుపు తిప్పడం వాళ్ల వల్ల అయ్యేది కాదు. సాహిత్యమూ మారింది. ‘మై ఆర్మ్స్, యువర్ హర్స్’ (1998)లో దయ్యం, ‘స్టిల్ లైఫ్’ (1999)లో ఊరు వెలివేసిన ప్రేమికుడు. ఇప్పుడు ఆస్తి, రక్త సంబంధం. వయసు పెరిగిన మనిషి రాతలివి, నాకు ఇవే నచ్చాయి.

పొడిబారిన గొంతు:
లేఖరి గారి వాదన బాగుంది కానీ, ఐదు, ఆరు పేరాల దగ్గర నాకు తల తిరిగింది. సాహిత్యం ముందు పెట్టుకోకపోతే ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియదు. కథ అర్థమయ్యాక కూడా ఆ రెండింటి నుంచి ఒక్క బాణీ గుర్తుండటం లేదు. ‘వాటర్‌షెడ్’ (2008)లో రిఫ్‌లు ఇప్పటికీ నోట్లో ఆడుతుంటాయి.

దస్తావేజు లేఖరి:
ఐదో పేరా విషయంలో మీతో గొడవ పడను. అక్కడ ఒక రెండు నిమిషాలు కోసేసినా నష్టం లేదు.

మూడోతీగ:
లేఖరి గారూ, చివరి పాట గురించి సగం చెప్పి వదిలేశారు. అక్కడ ఏం జరుగుతుంది?

దస్తావేజు లేఖరి:
కథ ముందే తెలియకూడదనుకునే వాళ్లు ఇక్కడితో ఆగండి. కవలలు తన రక్తం కాదని, ఆ అమ్మాయే తన కూతురని తండ్రి ఆస్తి ఆమెకు రాస్తాడు. ఏళ్ల తర్వాత ఆ అమ్మాయికి కన్నతల్లి దగ్గర నుంచి ఉత్తరం వస్తుంది, ఆమె కూడా ఆయన కూతురు కాదని. మన దగ్గరైతే స్వార్జితాన్ని ఎవరికైనా రాయవచ్చు. పేరు స్పష్టంగా రాసి, ఇద్దరు సాక్షులు సంతకం పెడితే రక్తం సంగతి ఎవరూ అడగరు. అందుకే ఆ ఉత్తరం చదివాక కూడా ఇల్లు ఆ అమ్మాయిదేనని నేను వాదిస్తాను. స్వీడన్ చట్టం తెలిసిన వాళ్లెవరైనా ఉంటే చెప్పండి.