చేపలు పట్టే స్పిన్నింగ్ రీల్‌కి కొత్త దారం ఎక్కించాక ఒకటే చిక్కులు, తప్పు ఎక్కడ?

గట్టుమీద_గాలం:
2500 సైజు స్పిన్నింగ్ రీల్, 0.30 మి.మీ. నైలాన్. దారం కండెకి పెన్సిల్ దూర్చి ఒకరు పట్టుకుంటే నేను హ్యాండిల్ తిప్పాను. స్పూల్ (రీల్‌లో దారం చుట్టుకునే భాగం) అంచు దాకా నిండింది. నాలుగైదుసార్లు విసిరేసరికి చుట్టలు చుట్టలుగా ఊడొచ్చి రాడ్ మొదటి రింగు దగ్గర ఉండ కడుతోంది. వదులుగా వదిలితే తనంతట తానే మెలితిరుగుతోంది కూడా. లోపం రీల్‌దా, దారానిదా?

పురివిప్పు:
రెండిటిదీ కాదండి. అంచు దాకా నింపారు చూడండి, అసలు గొడవ అక్కడే. స్పూల్ ముందు పెదవికీ దారానికీ మధ్య 2 నుంచి 3 మి.మీ. ఖాళీ ఉండాలి. అది లేకపోతే నైలాన్‌కి ఉన్న బిరుసుకి పై చుట్లు తమంతట తామే జారి, ఒకటి వెళ్ళాల్సిన చోట నాలుగు ఒకేసారి బయల్దేరతాయి. అలాగని మరీ తక్కువ నింపినా దారం పెదవికి రాసుకుని దూరం పడదు.

మళ్ళీ మొదట్నుంచి ఎక్కించండి. దారం కొసను ముందు రాడ్ అడుగు రింగులోంచి తీసి, బెయిల్ (దారాన్ని స్పూల్ మీదికి చుట్టే వంపు తీగ) తెరిచి, ఆ తర్వాతే స్పూల్‌కి కట్టాలి. బెయిల్ మూసి ఉండగా కట్టేసి, ఎంత తిప్పినా దారం ఎక్కట్లేదేమిటా అనుకునేవాళ్ళు బోలెడుమంది. ముడి తేలికే: దారాన్ని స్పూల్ చుట్టూ తిప్పి, కొసతో అసలు దారం మీద ఒక ముడి, కొస చివర ఇంకో ముడి వేసి లాగితే రెండోది మొదటిదానికి వచ్చి ఆనుకుంటుంది. డ్రాగ్ (చేప గట్టిగా లాగితే స్పూల్‌ని జారనిచ్చే బ్రేకు) బిగించండి, లేకపోతే ఎక్కించేటప్పుడు స్పూల్ జారుతుంది.

మెలితిరగడానికి కారణం పెన్సిల్, ఈసారి అది వద్దు. ఇప్పుడు కండెను లేబుల్ పైకి ఉండేలా నేల మీద పడుకోబెట్టండి. తడిగుడ్డతో దారాన్ని రీల్‌కీ రింగుకీ మధ్య వేళ్ళతో నొక్కిపట్టి, 15–20 సార్లు హ్యాండిల్ తిప్పి ఆపండి. రాడ్ కొనను కండె వైపు వంచి దారం వదులు చేయండి. వేలాడే దారం మామూలుగా ఉంటే అలాగే కానివ్వండి. జడలా అల్లుకుపోతే కండెను తిరగేసి మళ్ళీ చూడండి. లేబుల్ పైకా కిందకా అని వాదించుకోవడం దేనికి, దారమే చెబుతుంది.

నీటిఅంచు:
పైన చెప్పినదాంతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, పెన్సిల్ మీద మొత్తం నేరం మోపకండి. స్పిన్నింగ్ రీల్‌లో స్పూల్ కదలకుండా ఉంటే దాని చుట్టూ బెయిల్ తిరుగుతుంది కాబట్టి చుట్టుకో పురి పడుతుంది, నిజమే. విసిరినప్పుడు అది విడిపోతుంది కూడా. వాడకంలో ఎక్కే పురి మాత్రం పోదు.

అది ఎక్కేది ఇలా: చేప లాగుతుంటే డ్రాగ్ కిర్రుమంటూ జారుతుంది, మనం కంగారులో హ్యాండిల్ తిప్పుతూనే ఉంటాం. 5.2:1 రీల్ (హ్యాండిల్ ఒక చుట్టుకి బెయిల్ 5.2 చుట్లు) అయితే హ్యాండిల్ ఒక్క చుట్టుకి ఐదు పురులు. డ్రాగ్ జారుతున్నంతసేపూ చెయ్యి ఆపాలి. రాడ్ పైకెత్తి, కిందికి దించేటప్పుడే చుట్టుకోవాలి. గిరగిర తిరిగే ఎరకి ముందు స్వివెల్ (దారానికి పురి ఎక్కకుండా తిరిగే చిన్న కీలు) తప్పనిసరి. విసిరాక బెయిల్ హ్యాండిల్‌తో కాదు, చేత్తో మూసి, దారాన్ని ఒకసారి లాగి బిగువు చేసి అప్పుడు చుట్టండి. వదులుగా పడిన ఒక్క చుట్టు చాలు, తర్వాతి విసురులో ఉండ కట్టడానికి.

బెయిట్‌కాస్టర్ అనే మరో రకం రీల్ సంగతి వేరు. అందులో స్పూలే తిరుగుతుంది కాబట్టి దానికి పెన్సిల్ పద్ధతే సరైనది.

గట్టుమీద_గాలం:
థాంక్స్ అండి. పై చుట్లు తీసేసి 3 మి.మీ. ఖాళీ ఉంచాను, ఊడిరావడం ఆగింది. ఇదే రీల్‌కి 0.16 మి.మీ. బ్రెయిడ్ (సన్నటి పోగుల్ని అల్లిన దారం) 150 మీటర్లు వేద్దామనుకుంటున్నాను. స్పూల్ మీద 0.30/150 అని ఉంది, అంటే 0.30 మి.మీ. దారం 150 మీటర్లు పడుతుందని. అడుగున నైలాన్ ఎంత వేయాలి?

పురివిప్పు:
లెక్క ఇలా కట్టండి: మందాన్ని మందంతో గుణించి, దాన్ని పొడవుతో గుణించాలి. స్పూల్‌కి 0.30 × 0.30 × 150 = 13.5. మీ బ్రెయిడ్‌కి 0.16 × 0.16 × 150 = 3.84. మిగిలిన 9.66ని 0.09తో భాగిస్తే 107. అంటే అడుగున 0.30 నైలాన్ సుమారు 107 మీటర్లు. బ్రెయిడ్ మీద రాసే మందం అంత నిక్కచ్చిగా ఉండదు, కాబట్టి 100 దగ్గర ఆపి, చివర్లో కంటితో చూసి సరిచేసుకోండి. రెండు దారాలనీ డబుల్ యూని ముడితో కలపండి.

ఖాళీ స్పూల్ మీద నేరుగా బ్రెయిడ్ చుట్టకండి. నున్నటి లోహం మీద దారం మొత్తం కట్టగా జారుతుంది, డ్రాగ్ ఎంత బిగించినా పట్టనట్టే ఉంటుంది. బ్రెయిడ్‌ని నైలాన్ కంటే గట్టిగా లాగిపట్టి చుట్టాలి, వేళ్ళు కోసుకుంటాయి కాబట్టి గుడ్డ మరవొద్దు. వదులుగా చుడితే పెద్ద చేప లాగినప్పుడు పై దారం కింది పొరల్లోకి దిగబడిపోతుంది.

నీటిఅంచు:
తీసేసిన నైలాన్ పారేయకండి, అడుగు దారంగా పనికొస్తుంది. స్పూల్ మీదున్నది ఇంకా మెలితిరుగుతుంటే గాలం, సీసం, స్వివెల్ అన్నీ విప్పేసి, పడవ వెనకో పారే నీటిలోనో 50 మీటర్లు వదిలి కొన్ని నిమిషాలు అలా ఉంచండి. కొస ఖాళీగా ఉంటే పురి దానంతటదే విడుతుంది. గుడ్డతో పట్టుకుని చుట్టేయండి. నీళ్ళు అందుబాటులో లేకపోతే గడ్డి మైదానంలో ఈడ్చినా సరే.